రెండణాల కల్దారు

రసూల్‌పురలో మా మిద్దెకి టికెట్టు లేదు.
బేగంపేట గోడ అవతల ఎవరు ఎగిరినా
ముందు మా దండెం మీది బట్టలకే కనిపిస్తారు.

ఇవాళ పొద్దున్నుంచి జెట్లు.
అవి వెళ్ళిపోయాక వస్తుంది వాటి చప్పుడు,
పెళ్ళయ్యాక వచ్చిన బ్యాండు మేళంలా.
పక్కింటి జహీదా పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు.
నేను జహీదా కుర్తా చేతికి కుట్లు విప్పుతున్నాను.

తర్వాత మైకులో ఏదో ఇంగ్లీషు,
ఆ తర్వాత కుట్టుమిషను.
నిజంగా. మా పాత మిషను తొక్కినట్టే
టకటకటక, మధ్యలో ఒక దగ్గు,
మళ్ళీ టకటక.
గుండుసూది నోట్లో ఉండగానే లేచాను.

రెండంతస్తుల రెక్కలు, పసుప్పచ్చ పొట్ట,
రెక్కకీ రెక్కకీ మధ్య తీగలు
ఎవరో దండేలు కట్టి బట్టలారేయడం మరిచిపోయినట్టు.
కింద స్టేషన్లోంచి బయల్దేరిన లోకల్ రైలు
దాన్ని దాటిపోతుందేమోనని బెంగపడ్డాను.

"విమానమంటే ఏముందే పోశీ," అనేటోడు తాత,
"రెండు దుప్పట్లు, నాలుగు కట్టెలు, ఒక ఇంజను.
దుప్పట్లు నావి."

యుద్ధం రోజుల్లో మేర బుగ్గయ్యను
షాలిబండ దుకాణం మెట్ల మీంచి
సైకిలెక్కించి తీసుకుపోయారట.
షేర్వానీ కొలతలు తెలిసిన చేతికి
రెక్క కొలతలు ఇచ్చారు.
నారగుడ్డ. మూరెడు సూది.
పైనుంచి ఒకడు పొడిస్తే కిందినుంచి ఒకడు అందుకోవాలి,
నాలుగు వేళ్ళకో ముడి,
ముడికో తనిఖీ.
మీద పూసే మందు
అరటిపండూ గోళ్ళరంగూ కలిసిన వాసనట.
ఆరేసరికి గుడ్డ బిగిసి డప్పులా పలికేది.
వేలితో కొట్టి చెప్పేవాడట తాత
ఏ ముడి వదులో.

తుపాకీ లేదు దానికి.
పడకుండా ఉండడం నేర్పడమే దాని పని.
ముందు సీట్లో పంతులు, వెనక సీట్లో కుర్రాడు,
మధ్యన ఒక గొట్టం,
గొట్టంలోంచి తిట్లు.
తగినన్ని తిట్లు తిన్నాక
ఒంటరిగా వదిలేవారు.

అలా వదిలిన సాయంత్రం
ఒక కుర్రాడు మోకాలు చిరిగిన ప్యాంటుతో వచ్చాడు.
బిద్దప్ప, కొడగు వైపువాడు.
విమానం చక్కగానే దించాడట,
దిగాక సంబరంతో గెంతి పడ్డాడు.
రఫూకి రెండణాలు.
"జీతం రానీ, కల్దారే ఇస్తా.
మీ హాలీ సిక్కా లెక్క నాకు తెగదు" అన్నాడు.
వారానికల్లా వాళ్ళ జట్టును
పెద్ద విమానాల దగ్గరికి పంపేశారు.
ఆ తర్వాత బర్మా అన్నారు.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

తాత పద్దుల పుస్తకం నా దగ్గరుంది.
హాలీ పోయింది, కల్దారు పోయింది, అణాలు పోయాయి.
తీరిన పద్దులన్నిటికీ అడ్డగీతలు.
ఆ ఒక్క పేరుకు లేదు.
నాన్న ఒకసారి గీత కొట్టబోతే
"నీకున్నదారా బాకీ?" అన్నాడట.

పైన అది నిటారుగా లేచింది.
తలకిందులయ్యే చోట ఇంజను దాదాపు ఆగింది.
జహీదా చిన్నది నా కొంగు పట్టుకుంది.
ఆ కాస్త నిశ్శబ్దంలో
గాలికి గుడ్డ చేసే చప్పుడు విన్నాను.
అంత దూరం వినపడదంటారు.
ముప్పై ఏళ్ళుగా గుడ్డతోనే బతుకుతున్నదాన్ని, నన్ను నమ్మండి.

ఆ గుడ్డ తాతది కాదని తెలుసు.
ఎన్నిసార్లు మార్చి ఉంటారో.
మైకు ఇంజను పేరు చెప్పింది, గుర్రాల బలం చెప్పింది,
నడిపేవాడి ఊరు చెప్పింది.
కుట్టినవాళ్ళెవరో నాలుగు వేళ్ళకో ముడి వేసి
మధ్యలో కళ్ళు నులుముకునే ఉంటారు.

దిగబోతూ మా మిద్దె మీదుగా తిరిగింది.
వెనక సీట్లో మనిషి చెయ్యూపాడు, ఎవరికో.
పిల్లలు తమకే అనుకున్నారు.
నేను నోట్లోంచి సూది తీసి
"రెండణాలు" అన్నాను,
గట్టిగానే.

"క్యా హువా అక్కా?" అంది జహీదా.
ఏం లేదు,
నీ కుర్తా శుక్రవారానికి ఇస్తానన్నాను.